తాళం వేసిన ఇళ్ల కబుర్లు

ఇస్త్రీ అక్క నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆమె ఒక్కదానికే తెలియదు. పొద్దస్తమానం ఇస్త్రీబండి దగ్గర ఊళ్లోవాళ్ల బట్టలు రుద్ది, చీకటి పడ్డాక అన్నం ముందు కూర్చుని కొడుకు చిన్నోడికి చెప్పేవి ఆ ఇళ్ల కబుర్లే. మేడమీది గుమస్తాగారు పెళ్లికి వెళ్తున్నారట, వారం దాకా బట్టలొద్దన్నారు. మూలింటి టీచరమ్మ తల్లిని ఆసుపత్రిలో చేర్చిందట, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు పాపం. చెప్పుకోవడానికి ఇంకేమున్నాయి? వాడి చదువేమిటో ఆమెకు తెలియదు. ఆమె నడుం నొప్పి వాడికి తెలియదు. స్కూలు నుంచి వచ్చాక ఆ ఇళ్లకు బట్టలు ఇచ్చి వచ్చేది వాడే కాబట్టి, మాటలూ అవే.

తండ్రి లారీ డ్రైవరు. ఎప్పుడో ఒకసారి దిగుతాడు. దిగిన రోజు వీధివాళ్ల చాడీలన్నీ విని, కొడుకును నాలుగు బాది, తెల్లారేసరికి మళ్లీ బండెక్కుతాడు. పెంపకమంటే అదేనని ఆయనగారి నమ్మకం.

నిరుడు కిరాణా కొట్టు ముందు ఒక సైకిల్ పోయింది. వీధంతా చిన్నోడి వైపే చూసింది. తీసుకెళ్లింది కొట్టువాడి బావమరిదేనని తర్వాత తేలింది. తేలితే ఏం? ఒక్కడంటే ఒక్కడు వచ్చి "పొరపాటైందిరా అబ్బాయ్" అన్నాడా? అంటే సొమ్మేం పోయింది! పైగా తమ పిల్లల్ని వాడితో ఆడనివ్వడం మానేశారు. ఇక వాణ్ణి రమ్మన్నది వీధి చివర రేకుల షెడ్డులో క్యారమ్స్ ఆడేవాళ్లే. వాళ్లలో పెద్దవాణ్ణి స్ట్రైకర్ అంటారు. వాడు చిన్నోడి భుజం మీద చెయ్యేసి "వీడు మావాడు" అన్నాడు. అంతకుముందు ఆ మాట వాణ్ణి ఎవరూ అనలేదు.

మొదట గుమస్తా ఇంట్లో దొంగలు పడ్డారు. తర్వాత టీచరమ్మ ఇంట్లో. రెండూ పట్టపగలే. "నేను ఇంట్లో ఉండనని ఎవరికి తెలుసు? నీకు తప్ప ఎవరికీ చెప్పలేదే అక్కా!" అని టీచరమ్మ గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే ఇస్త్రీ అక్క గుండెల్లో రాయి పడింది. నోరా, వీపుకు దెబ్బలు తేకే అంటారు. ఈ నోరు తెచ్చిన దెబ్బ ఎవరి వీపున పడింది!

ఆ పూట అన్నం దగ్గర వాణ్ణి అడగబోయి మానుకుంది. అడిగితే కాదంటాడు. కాదంటే నమ్మేస్తుంది, తల్లి కదా. అందుకని వేరే మాట చెప్పింది.

"నర్సమ్మగారు వాళ్లక్క దగ్గరికెళ్లారురా. ఎల్లుండి దాకా రారు."

"ఊఁ" అన్నాడు వాడు, కంచంలోంచి తలెత్తకుండా.

ఆ మాట నిజమే. చీరలు లోపల పెట్టమని నర్సమ్మ పెరటి తలుపు తాళంచెవి తనకే ఇచ్చి వెళ్లిందని మాత్రం ఆమె చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఆర్పేసి, పెరటి తలుపు తీసుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. ముందు తలుపుకు తాళం అలాగే వేలాడుతోంది. వంటింటి కిటికీ పక్కన నేల మీద కూర్చుంది. ఆ కిటికీకి ఒక అద్దం పగిలితే నర్సమ్మ అట్టముక్క అడ్డం పెట్టింది. బట్టలు తెచ్చేవాళ్లకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. దొంగలు ఇటు రాకపోతే నా కొడుకు బంగారం, అనుకుంది. ఈ వేళకు వాడు స్కూల్లో ఉండాలి. ఉంటాడు. ఎందుకుండడు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తల్లికెందుకమ్మా ఈ పాడు పని!

పెరట్లో ఎవరో దబ్బున దూకారు. వెనకే ఇంకో ఇద్దరు.

"సన్నగా ఉన్నావ్, నువ్వే దూరు" అని గుసగుస. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది.

అట్టముక్క కదిలి కింద పడింది. ఒక చెయ్యి లోపలికొచ్చి కిటికీ గడియ కోసం తడుముతోంది. తెల్లచొక్కా చెయ్యి. దాని మీద కత్తిలాంటి మడత. వీధిలో ఇంకెవరి చొక్కాకూ అంత మడత వెయ్యదు ఆమె. స్కూల్లో ఎవరూ వంక పెట్టకూడదని నీళ్లు చల్లి, మళ్లీ మళ్లీ రుద్ది, పొద్దున్నే వేసింది.

రెండు చేతులతో ఆ మణికట్టు పట్టేసుకుంది. అవతల కెవ్వుమన్నారు. గోడ దూకి పరుగో పరుగు. "మావాడు" అన్నవాళ్లలో ఒక్కడూ ఆగలేదు.

"నేనేరా" అంది.

చెయ్యి గుంజడం ఆగిపోయింది.

"అమ్మా? పగలు మనింట్లోనే ఎప్పుడూ ఉండవు... ఇక్కడెందుకున్నావ్?"

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. వాణ్ణి చంపెయ్యాలనిపించింది, గుండెకు హత్తుకోవాలనీ అనిపించింది. పెరటి తలుపేమో గదికి ఆ మూల. తీయాలంటే చెయ్యి వదలాలి. వదిలితే గోడ దూకి నేరుగా షెడ్డుకు పోతాడు, ఇక జన్మలో చేతికి దొరకడు. పక్కింట్లోంచి అప్పుడే ఎవరో "ఎవర్రా అక్కడ?" అని అరుస్తున్నారు.

"వదులుతున్నా. తలుపు దగ్గరికి రా" అంది.

వదిలేసింది. గడియ లాగింది. తలుపు తెరిచింది.

మెట్టు కింద నిలబడి ఉన్నాడు. బట్టలు ఇవ్వడానికి వచ్చినప్పుడు చేసినట్టే చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"చెప్పులేసుకో. ఆ రెండిళ్లకీ వెళ్లాలి" అంది ఇస్త్రీ అక్క. "చేతులు నీవి, నోరు నాది. ఇద్దరం చెప్పుకుందాం పద."