మావ చెప్పని చోటు

మా మావ తనకి చేపలు ఉత్తరాన పడితే గెడ్డంతో దక్షిణం చూపించేవాడు. ఉద్దానం తీరంలో వేటకెళ్లేవాళ్లెవరూ మంచి చోటు బయటపెట్టరు. మావైతే అత్తకి కూడా చెప్పలేదు. లెక్కలకి భయపడి బడి మానేసి ఆయన పడవెక్కాను కాబట్టి నాకు మాత్రం తెలుసు.

ఒకసారి సముద్రం అడుగుకి పటం గీసేవాళ్లు వచ్చారు. లోతులో ఉన్న పగడాల దిబ్బలను కృత్రిమ మేధతో గుర్తించి, అక్కడ మరబోట్లు వలలు ఈడ్వకుండా ఆపిస్తారట. మావ దాచుకున్న చోటూ అలాంటి దిబ్బే; కంప్యూటర్ సరిగ్గా దాని మీదే ఎర్ర చుక్క పెట్టింది. అత్తకి దొరకనిది దానికి దొరికిందని నాకు నవ్వాగలేదు.

"తాతా, ఇక్కడ దిబ్బ ఉందా?" అని వాళ్లలో ఒకమ్మాయి అడిగింది.

"ఏటుంటాది తల్లీ, ఒట్టి బురద," అన్నాడు మావ.

పెద్దాయన మాట కదా అని ఆమె చుక్క చెరిపేసింది.

"ఏటి మావా, అలాగనీసినావు?" అన్నాను తర్వాత.

"నోటికలవాటురా. సెప్పేత్తే రేపు ఊరంతా అక్కడే వలేత్తారు."

ఊరు రాలేదు. ఆ చోటికి రక్షణ లేదు కాబట్టి మరబోట్లు వచ్చాయి. ఏడాది పొడుగునా ఈడ్చి దిబ్బను చదును చేశాయి. మా వలలో మొదట విరిగిన పగడాలు పడ్డాయి, తర్వాత అవీ పడలేదు.

మావ ఆ అమ్మాయిని మళ్లీ రప్పించాడు.

"ఆవేళ అబద్దమాడినాను తల్లీ," అన్నాడు.

అక్కడ నీళ్లలోకి కెమెరా దింపారు. తెర నిండా బురదే.

"మీరు అప్పుడు చెప్పిందే నిజం తాతా. కంప్యూటరే పొరబడింది," అందామె ఓదార్పుగా.

"ఉండీది తల్లీ, నమ్ము. ఉండీది," అంటూ మావ ఆ తెర పట్టుకుని ఏడ్చాడు.