చాప ఎత్తాక కొట్టిన ఎర్రగీత

మా దీవి పోలీసు ఠాణాలో ఇరవై ఆరేళ్లుగా కేసుల పుస్తకం రాసేది లొసివాలె. నేను అక్కడ నేల తుడిచి, అందరికీ కోకో కాచి ఇస్తాను.

ఎవరైనా ఎవరినైనా కొట్టి గాయపరిస్తే, కొట్టినవాడి తరఫువాళ్లు తెల్లారేసరికి గాయపడ్డవాళ్ల గుమ్మం ముందు తలల మీద నేతచాపలు కప్పుకుని కూర్చుంటారు. ఇంటిపెద్ద వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టే. ఆ కబురు అందగానే లొసివాలె ఎర్రపెన్సిలుతో కేసు మీద గీత కొట్టేది. గీత పడ్డది లెక్కలోకి రాదు. అందులో తప్పుందని ఆమెకూ తోచలేదు, మాకూ తోచలేదు.

ఈ ఏడు రాజధాని నుంచి కాగితాలొచ్చాయి. దీవుల దేశాలన్నీ ఇకపై నేరాలను ఒకే పేర్లతో, ఒకే గళ్లలో రాయాలట. పదేళ్ల పాతవి కూడా.

"అదే దెబ్బని పక్కదేశంవాడు తీవ్రగాయం అంటాడు, మనం ఇంటిగొడవ అంటాం. ఇంకెలా పోలుస్తారు?" అన్నాడు సార్జంటు పెనీ.

"మరి చాప ఎత్తినవి?" అంది లొసివాలె.

"అవీ రాయాలమ్మా. క్షమించడం వేరు, ఎముక విరగడం వేరు."

"అలాగైతే మనల్ని మించిన రౌడీలు లేరంటారు."

"అననీ. పక్కదేశాలవాళ్లూ కొట్టేసినవన్నీ లెక్కలో చేర్చాక చూద్దాం."

లొసివాలె పది రోజులు రాసింది. పదకొండో రోజు ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. నేను పెట్టిన కోకో చల్లారిపోయింది. తొంగి చూశాను. ఫుఆతినో పేరు. లొసివాలె చెల్లెలు. ఏడేళ్ల కిందట మొగుడు తెడ్డుతో కొట్టి దవడ విరగ్గొట్టాడు. తండ్రి లేడు కనక ఆ రోజు చాప ఎత్తింది లొసివాలే.

మర్నాడే ఆ మొగుడి పెదనాన్న, ఊరిపెద్ద తుయిలోమా వచ్చాడు.

"ఎత్తిన చాప మళ్లీ కప్పుతావా?"

"రాజధానికి పేరు వెళ్లదు పెద్దయ్యా. అంకె ఒక్కటే."

"ఈ ఊళ్లో విరిగిన దవడ ఒక్కటే. అంకె చాలు. రాశావో, మీ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు."

మధ్యాహ్నం ఫుఆతినో చేమదుంపల బుట్టతో సంతకి పోతుంటే లొసివాలె లోపలికి పిలిచింది.

"రాయనా, వద్దా?"

ఫుఆతినో వంకర దవడతో మెల్లగా అంది: "ఇప్పుడడుగుతున్నావేంటక్కా? చాప ఎత్తే ముందు అడగలేదుగా."

"రాస్తే మళ్లీ కొడతాడేమోనే."

"రాయని ఈ ఏడేళ్లూ మానేశాడా?"

లొసివాలె పుస్తకం ముందుకు లాక్కుంది. తర్వాత తీవ్రగాయం గడిలో ఒకటి వేసింది. ఆ ఒకటి వంకరపోయింది.

"ఇప్పటి దెబ్బలకి కొత్త పేజీ కూడా తియ్యనా?" అని అడిగింది.

"ముందు పాతది ఆరనీ," అని ఫుఆతినో బుట్ట ఎత్తుకుంది.

ఆదివారం చర్చిలో లొసివాలె బల్ల మీద ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమె పక్కకి వెళ్దామని నేను లేవబోతే మా అమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ఫుఆతినో రాలేదు. లొసివాలె పాట పాడుతూనే తలుపు వైపు చూస్తోంది.