బ్రిస్టల్ అంబ్రెల్లా జోజి

మెలొట్రాన్ అని ఒక కీబోర్డు ఉండేది. మీరు చూసి ఉండరు, నేనూ చూడలేదు. దాని ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క ఉంటుందట. మెట్టు నొక్కితే ఆ టేపు మీద ముందే రికార్డు చేసి పెట్టిన వయొలిన్లో, ఫ్లూట్లో, గుంపుగా పాడే గొంతులో వినిపిస్తాయి. ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది, శబ్దం ఆగిపోతుంది. యాభై ఏళ్ళ కింద ఇంగ్లండులో ప్రోగ్రెసివ్ రాక్ వాయించిన బ్యాండ్లకు అదంటే ప్రాణం.

మా జోజి సార్ కూడా దాన్ని కళ్ళతో చూడలేదు. కానీ ఆయన వాయించడమంతా దాని లెక్కే. ఇప్పటి కీబోర్డు మెట్టు నొక్కిపెడితే సాయంత్రం దాకా మోగుతూనే ఉంటుంది. ఆయన మాత్రం ఎనిమిది సెకన్లలోపే వేలు తీసేస్తాడు. ఎందుకని అడిగితే ఊపిరి అయిపోతుంది కదా అంటాడు. అరవై రెండేళ్ళ మనిషి, రోజూ కృష్ణానగర్ నుంచి నడిచి మా స్టూడియో ఉన్న ఎత్తెక్కి వస్తాడు. ఊపిరి గురించి ఆయనకు తెలియనిదేముంది.

నా పేరు హనుమంతు, మాది షేక్‌పేట. ఫిల్మ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో ఇరవై ఆరేళ్ళుగా సౌండ్ ఇంజనీరుని. ఈ కథలో ఒక తప్పు నాది కూడా ఉంది. అది వచ్చినప్పుడు చెప్తాను.

జోజి సార్‌ది రేపల్లె వైపు. చిన్నప్పుడు చర్చిలో కాలితో తొక్కే హార్మోనియం వాయించేవాడు. ఇరవై దాటాక మద్రాసు వెళ్ళి సినిమా ఆర్కెస్ట్రాల్లో చేరాడు. అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ గిటారిస్టు ఆయనకు కొన్ని క్యాసెట్లు ఇచ్చాడు. జెనెసిస్, యెస్, కింగ్ క్రిమ్సన్, జెంటిల్ జయంట్, అన్నీ ఆ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్లే. కొన్ని పాటలు క్యాసెట్టు ఒక వైపంతా ఉండేవట. తాళం ఒకసారి ఏడు లెక్క, ఒకసారి తొమ్మిది లెక్క, మధ్యలో చర్చి ఆర్గన్ లాంటి మోత. మన దగ్గర పల్లవి, రెండు చరణాలు, నాలుగున్నర నిమిషాల్లో దుకాణం కట్టేయడమే. ఆ క్యాసెట్లు విన్నాక ఆయన మనసు దీనికి పూర్తిగా తిరిగిరాలేదు. చేతులు మాత్రం ఇక్కడే పనిచేశాయి. పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఎవరి సినిమాకైనా వాయించాడు, ఎక్కడా పేరు లేదు.

గత పదిహేనేళ్ళుగా ఆయన చేసేది ఇంకో రకం పని. డైరెక్టర్లు ఎడిటింగ్ అప్పుడే ఎక్కడో విన్న మ్యూజిక్ ముక్క తెచ్చి సీను కింద పెడతారు. దాన్ని రిఫరెన్స్ అంటాం. మూడు నెలలు ఆ ముక్కతోనే సీను చూసి చూసి, ఇక ఇంకోటి చెవికెక్కదు. అప్పుడు మ్యూజిక్ డైరెక్టరుని పిలిచి ఇలాంటిదే కావాలి, ఇది మాత్రం కాకూడదు అంటారు. ఆ రెండు మాటల మధ్య నలిగే పని జోజి సార్‌ది. శ్రుతి మారుస్తాడు, లెక్క మారుస్తాడు, కింది స్వరాలు పైకి తెస్తాడు. ఇంగ్లండు వాళ్ళ వస్తువుని వాళ్ళే గుర్తుపట్టనట్టు చేయడంలో ఈ కొండల మీద ఆయన్ని మించినవాడు లేడు. ఈ పనికి పేరేం వస్తుంది చెప్పండి?

మొన్న వేసవిలో సిద్ధార్థ అనే కుర్ర మ్యూజిక్ డైరెక్టరు ఒక సినిమా రీరికార్డింగుకి మా దగ్గరికి వచ్చాడు. మంచివాడే, నమస్కారం పెట్టి మాట్లాడతాడు. సినిమా డైరెక్టరు అరవింద్‌కి అది రెండో సినిమా. హీరో తండ్రి చితికి నిప్పు పెట్టి ఒక్కడే కారులో తిరిగొచ్చే సీను, నలభై సెకన్లు. దానికో రిఫరెన్స్ పెట్టుకున్నారు. మూడు నెలల కింద మా స్టూడియో పాత హార్డ్ డిస్కులు తవ్వుతుంటే ఫారిన్ అనే ఫోల్డరులో దొరికిందని సిద్ధార్థ సంబరంగా చెప్పాడు. బ్రిస్టల్ అంబ్రెల్లా అనే బ్యాండు, లండన్, 1973. నెట్‌లో ఎంత వెతికినా వాళ్ళ ఊసే లేదట. అంత అరుదైనదన్నమాట.

ప్లే చేశాను. ఆర్గన్ మొదలై, దాని వెనక గొంతుల గుంపు, ఏడు లెక్కలో మెల్లగా డ్రమ్స్. జోజి సార్ కుర్చీలోంచి కొంచెం లేచి మళ్ళీ కూర్చున్నాడు. నలభై సెకన్లు అయ్యాక, సరే చేద్దామని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు.

నేను వెనకే వెళ్ళాను. క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని తాగకుండా చూస్తున్నాడు. తబియత్ బాలేదా అని అడిగాను. గ్లాసు పక్కకి జరిపి చెప్పాడు. ఆ బ్రిస్టల్ అంబ్రెల్లా ఆయనే.

నేను చేరడానికి రెండేళ్ళ ముందు, ఒక ఏప్రిల్‌లో స్టూడియో ఏసీ చెడిపోయి మూడు రోజులు రికార్డింగులన్నీ ఆగిపోయాయట. ఆయనా, డ్రమ్స్ వాయించే వెంకటరామయ్యా చొక్కాలు విప్పేసి, ఆ ఉక్కలో పద్దెనిమిది నిమిషాల మ్యూజిక్ రికార్డు చేశారు. ఆ గొంతులు కూడా కృష్ణానగర్ చర్చిలో పాడే ఆడవాళ్ళవి, ముందే టేపు మీద పట్టుకొచ్చి కీబోర్డుకి ఎక్కించుకున్నాడు. ఆ రోజుల్లో స్పూలు, అంటే రికార్డింగు టేపు చుట్ట, ఖరీదు. మన సినిమాల స్పూళ్ళని రెండు నెలలు కాగానే చెరిపి మళ్ళీ వాడేవాళ్ళు. ఫారిన్ మ్యూజిక్ ఉన్న స్పూలు జోలికి మాత్రం ఎవరూ పోయేవాళ్ళు కాదు, ఓనరుగారిదేమోనని భయం. అందుకని జోజి సార్ డబ్బా మీద ఇంగ్లీషులో ఒక బ్యాండు పేరు, కింద లండన్, 1973 అని రాసి అలమరాలో పెట్టాడు. ఇంగ్లండులో ఎప్పుడూ వాన కదా, గొడుగు బాగుంటుందని వెంకటరామయ్య అన్నాడట. బ్రిస్టల్ వేరే ఊరని ఇద్దరికీ తెలియదు.

ఇక నా తప్పు. పదమూడేళ్ళ కింద పాత స్పూళ్ళన్నీ పారేసేముందు కంప్యూటరులోకి ఎక్కించమని నాకు చెప్పారు. డబ్బా మీద ఏముంటే అదే కొట్టి, స్పూలు తిప్పి వదిలేసి, భోజనానికి పోయేవాణ్ణి. దాన్ని కూడా అట్లాగే ఎక్కించాను. రెండు నిమిషాలు విని ఉన్నా ఆయన చెయ్యి గుర్తుపట్టేవాణ్ణి. జోజి సార్ అది చెత్తలో పోయిందనుకున్నాడు. స్టూడియో స్పూలు దొంగతనంగా వాడిన సంగతి బయటపడుతుందని ఎవరినీ అడగలేదు. ఆయన దగ్గరున్న క్యాసెట్టు వానకి గదిలో నీళ్ళొచ్చి పోయింది. ఇంకోటి వెంకటరామయ్య దగ్గర ఉండేది. ఆయనే పోయి పదిహేనేళ్ళయింది.

"చెప్పు అన్నా, నాదే అని చెప్పు. గిందులో ఫికర్ ఏముంది?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "పదిహేనేళ్ళుగా చేస్తున్న పనంతా ఒకరిది తీసి ఇంకొకరికి ఇవ్వడమే హనుమంతూ. నాదంటూ ఉన్నది ఇదొక్కటే. చెప్తే వాళ్ళకి దీనిమీద ఉన్న మోజు పోతుంది, తీసేస్తారు. చెప్పకపోతే పేరు లేకపోయినా హాల్లో నలుగురు వింటారు."

వినేది నీ చేతులతో నువ్వే చెడగొట్టినదాన్ని కదా అని నోటిదాకా వచ్చింది.

రెండు రోజులు కూర్చుని మార్చాడు. ఏడు లెక్కని ఎనిమిది చేశాడు. ఆర్గన్ తీసి పియానో పెట్టాడు, శ్రుతి ఒక మెట్టు దించాడు. బుధవారం మధ్యాహ్నానికి అది పూర్తిగా వేరేదైపోయింది. తనకు కూడా అందులో పాతది వినబడటం లేదన్నాడు. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోయాడు.

గురువారం పొద్దున అరవింద్ వచ్చి విన్నాడు. రిఫరెన్స్‌లో ఉన్న ఫీల్ ఇందులో లేదన్నాడు. కొంచెం దగ్గరికి జరపమన్నాడు. జోజి సార్ మళ్ళీ ఏడు లెక్కకి వచ్చాడు. ఇంకొంచెం అన్నాడు అరవింద్. పియానో పోయి ఆర్గన్ వచ్చింది. ఇంకా దగ్గరికి అన్నాడు. అప్పుడు జోజి సార్ కళ్ళు మూసుకుని, మార్చడం మానేసి, ఉన్నది ఉన్నట్టు వాయించాడు. స్వరం స్వరం అదే.

అరవింద్ సోఫాలో వెనక్కి వాలి పెదవి విరిచాడు. "ట్యూన్ వచ్చింది. కానీ వాళ్ళ చెయ్యి వేరండీ. ఆ తెల్లవాళ్ళ బాధే వేరు. అది మనకి రాదు."

జోజి సార్ కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అది నా చెయ్యేనండీ," అన్నాడు.

అరవింద్ జోకనుకుని నవ్వాడు. సిద్ధార్థ నవ్వలేదు. జోజి సార్ ఏసీ సంగతి, స్పూలు సంగతి రెండు ముక్కల్లో చెప్పాడు. నిరూపించడానికి ఏమైనా ఉందా అని సిద్ధార్థ మెల్లగా, నొప్పించకుండా అడిగాడు. ఏమీ లేదన్నాడు జోజి సార్. మొత్తం విన్నారా అని నేను అడిగాను. సీను నలభై సెకన్లే కాబట్టి రెండో నిమిషం దాటి పోలేదని సిద్ధార్థ ఒప్పుకున్నాడు. నా మీద నాకున్న కోపం కూడా కలుపుకుని, ఎవరినీ అడగకుండా ఫైలు మొదటి నుంచి పెట్టాను.

అరవింద్ ఫోను తీశాడు. ఐదో నిమిషంలో లెక్క తొమ్మిదికి మారింది. ఎనిమిదో నిమిషంలో అన్నీ ఆగి ఆర్గన్ ఒక్కటే మిగిలింది. పదకొండో నిమిషంలో అది పెద్దదవుతూ గదంతా నిండింది. డ్రమ్స్ మైకులో దూరంగా, ఆయాసపడుతూ ఒక మగ గొంతు వినిపించింది.

"తగ్గించరా జోజీ, తగ్గించు. నన్ను కూడా రానీ."

వెంటనే ఆర్గన్ తగ్గింది. డ్రమ్స్ వచ్చాయి.

జోజి సార్‌కి అది గుర్తులేదు. అప్పుడు వాళ్ళు కూడా గమనించలేదేమో. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం ఇన్నేళ్ళలో నేను చూడటం అదే మొదలు. నాకూ దుఃఖం ఆగలేదు. సిద్ధార్థ లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో అతనికే తెలిసినట్టు లేదు.

అరవింద్ మాత్రం ఫోను పక్కన పెట్టి, పాజ్ చేయమని నాకు సైగ చేశాడు. తిట్టలేదు, అరవలేదు. అట్లా చేసుంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. "గ్రేట్ అండీ," అన్నాడు జోజి సార్‌తో. తర్వాత సిద్ధార్థ వైపు తిరిగి, ఇది ఇక్కడ చేసిందని తెలిశాక తనకు పాత సినిమాల్లో చర్చి సీనులాగా వినిపిస్తోందన్నాడు. వేరే రిఫరెన్స్ చూద్దామన్నాడు. పేరు వేసి దీన్నే వాడుకుందామని సిద్ధార్థ బతిమాలాడు. మూడు నెలలుగా నచ్చిందే కదా అన్నాడు. అరవింద్ నిజంగానే ఇబ్బంది పడ్డాడు. ఏం చేయను, ఇప్పుడు నచ్చట్లేదు అన్నాడు. మధ్యాహ్నం ప్రొడ్యూసరుతో మీటింగుందని జూబ్లీహిల్స్ వెళ్ళిపోయాడు, సిద్ధార్థని కూడా తీసుకుపోయాడు.

మేమిద్దరం మిగిలాం. మిగతా ఏడు నిమిషాలు పెట్టమన్నాడు జోజి సార్. చివరిదాకా విన్నాం. పద్దెనిమిది నిమిషాలూ విన్నవాళ్ళలో ఇప్పుడు లోకంలో ఉన్నది మేమిద్దరమే. అయిపోయాక, పధ్నాలుగో నిమిషం దగ్గర కొంచెం సాగదీశామన్నాడు. ఒక పెన్ డ్రైవ్‌లో వేసిచ్చాను. చొక్కా జేబులో పెట్టుకుని, నడవలేనని ఆటో పిలవమన్నాడు.

ఇక రాడనుకున్నాను. రావద్దనే కోరుకున్నాను కూడా. శుక్రవారం పదింటికి ఎప్పటిలాగే వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాడు. అరవింద్ కొత్త రిఫరెన్స్ తెచ్చాడు, ఈసారి నిజం ఇంగ్లండు బ్యాండే. మొదటి స్వరానికే జోజి సార్ బ్యాండు పేరు చెప్పాడు. మద్రాసులో ఆ క్యాసెట్టు టేపు అరిగిపోయేదాకా విన్నాడట. సిద్ధార్థ తల వంచుకుని కూర్చున్నాడు, మీకు కష్టమైతే వద్దు సర్ అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కుర్చీ గట్టిగా లాగి లేచాను. జోజి సార్ నా వైపు చూసి కూర్చోమని చేత్తో చెప్పాడు.

ఎంత మార్చాలండీ అని అరవింద్‌ని అడిగాడు.

"ఎంతయినా పర్లేదు. ఎవరిదో మాత్రం తెలియకూడదు."

"ఆ పని నాకు బాగా వచ్చండీ," అన్నాడు జోజి సార్.