ఎండ ఉంది, పంపు నడవదు: ఆసిఫాబాద్ దాటాక ఒక పగలు

పదహారేళ్లుగా కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఎండ కరెంటుగా ఎలా మారుతుందో బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. కానీ ఇన్నేళ్లలో ఒక్క సోలార్ ప్యానెల్‌నైనా చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. అలాంటి నాకు దసరా వెళ్లిన తొమ్మిదో రోజు సాయంత్రం మా చిన్నమ్మ కూతురు రజిత ఫోన్ చేసింది. "అక్కా, పంపు బందైంది. ఐదొద్దులాయె. పెట్టినోళ్లకు ఫోన్ చేస్తె మిషిని కాలిపోయుంటది, హైదరాబాద్ పంపాలె, మూడు వారాలైతదంటున్రు. నువ్వు గదే సదువు చెప్తవ్ గదా, జర వచ్చి సూడు" అంది. నేను చెప్పేది పాఠమే, రిపేరు కాదని అనబోయి నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే ఆ పంపు పెట్టించుకోమని పోయినేడు చెవిలో జోరీగలా పోరింది నేనే.

రజిత అత్తగారి ఊరు ఆసిఫాబాద్ దాటి వాంకిడి వెళ్లే దారిలో లోపలికి ఉంటుంది. ఆమె భర్త తిరుపతి ఏడేళ్లుగా మస్కట్‌లో తాపీ మేస్త్రి. ఇక్కడ రెండెకరాల మిరప తోటను రజిత, ఆమె అత్త పోశవ్వ చూసుకుంటారు. కరెంటు స్తంభాలు చేనుకు చాలా దూరంలోనే ఆగిపోయాయి కాబట్టి సోలార్ పంపు. ఈ ఏడు ఆ నీళ్లతో తోట నిలబడితే శాశ్వతంగా ఇంటికి వచ్చేస్తానని తిరుపతి మాటిచ్చాడు. లేదంటే ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలి. ఆ కాగితం కంపెనీ ఆఫీసులో ఇవ్వడానికి ఆఖరి గడువు మర్నాడే, వాళ్ల టైం రెండున్నర, అంటే మనకు సాయంత్రం నాలుగు. రజిత ఇదంతా చెప్పి, ఏడుపు ఆపుకుంటూ ఫోన్ పెట్టేసింది. నేను కాలేజీకి సెలవు చెప్పి, ల్యాబు నుంచి మల్టీమీటర్ అడిగి తెచ్చుకున్నాను.

కరీంనగర్ బస్టాండులో పొద్దున ఐదున్నరకు మంచిర్యాల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, అదొక్కటే ఆ రోజు నిశ్చింత. ఎనిమిదికి మంచిర్యాలలో దిగి, ఇడ్లీ నిలబడే తిని, ఆసిఫాబాద్ బస్సు పట్టుకున్నాను. బెల్లంపల్లి దాటాక టైరు పంక్చరై నలభై నిమిషాలు రోడ్డు మీదే. డ్రైవరు తాపీగా బీడీ కాలుస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మిగతావాళ్లకు ఎండ ఎక్కుతోందని బాధ, నాకు అదే ఎండ దిగిపోతుందని భయం. సోలార్ పంపును రాత్రి లైటు పెట్టుకుని బాగుచేయలేం కదా, ఎండ ఉండగానే ఏదైనా తేల్చుకోవాలి.

ఆసిఫాబాద్‌లో దిగేసరికి పదిన్నర దాటింది. షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక లేక ఆరు వందలకు మారుతి అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు చెప్పగానే ఆయన అద్దంలో నా చేతిలోని మీటర్ చూశాడు.

"గా సోలార్ పంపోళ్ల ఇంటికా? నడుస్తలేదంట గదా."

"నీకెట్ల తెలుసు?"

"ఈ రోడ్డు మీద తెల్వనోడెవడు మేడం. అంత ఎండ కాస్తుంది, పంపు మాత్రం తిరగదు. దిష్టి తాకిందంటున్రు."

మట్టి రోడ్డులో ఒకచోట వాగు దారి మీంచి పారుతోంది. ఇక్కడ చినుకు లేదు గానీ ఎగువన గుట్టల్లో పడిందట. మారుతి దిగి, నీళ్లలో నడిచి లోతు చూసుకొచ్చి, "కాళ్లు పైకి పెట్టుకోన్రి" అన్నాడు. నడిమధ్యలో ఇంజిను రెండుసార్లు దగ్గింది. మీటర్‌ను గుండెలకు హత్తుకుని కూర్చున్నాను. గట్టెక్కేసరికి ఆయనకంటే నాకే ఎక్కువ చెమటలు పట్టాయి.

పదకొండున్నరకు చేను చేరాను. మిరప మొక్కలు ఆకులు ముడుచుకుని నిలబడ్డాయి. చేను మూలన ఇనుప చట్రం మీద పది ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉన్నాయి. ప్రతి ప్యానెల్‌కూ అడ్డంగా మూడేసి పెద్ద పసుపు గుండ్రాలు, వాటి నడుమ కుంకుమ, చట్రానికి నిమ్మకాయల దండ. దసరా నాడు ఆయుధ పూజ చేశారని చూడగానే తెలిసింది. ముచ్చటేసి ఫోటో కూడా తీసుకున్నాను.

రజిత ఎదురొచ్చి నా చేయి పట్టుకుంది. "నాలుగు లోపట నడవాలె అక్కా. గాయన మూడున్నరకు ఫోన్ చేస్తనన్నడు."

ముందు స్విచ్ కట్టేసి, భయపడుతూనే ప్యానెళ్ల నుంచి వచ్చే తీగల కొసలకు మీటర్ ఆనించాను. పగటి పూట ప్యానెల్ ఎప్పుడూ ప్రాణమున్న పామే, స్విచ్ కట్టేసినా దాని వరకు అది కరెంటు తయారు చేస్తూనే ఉంటుంది. మూడు వందల నలభై వోల్టులు చూపించింది. ఎంత ఉండాలో అంతే ఉంది! సంతోషంగా స్విచ్ వేస్తే మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంది. స్విచ్ పక్కనున్న కంట్రోలర్ పెట్టె మీది అంకెల్లో కరెంటు ఎనిమిది ఆంపియర్లు ఉండాల్సిన చోట ఒకటిన్నర దాటడం లేదు. మళ్లీ స్విచ్ కట్టేసి తీగల జాయింట్లన్నీ ఒక్కొక్కటే చూశాను. ఎక్కడా తుప్పు లేదు, ఎలుక కొరికిన గాటు లేదు. ఒంటిగంటన్నర అయింది. పదహారేళ్ల చదువు అక్కడికి అయిపోయింది, ఇక నాకేమీ తెలియదు. రజిత మొహం చూడలేక గట్టు మీద కూలబడ్డాను.

పోశవ్వ జొన్నరొట్టెలు, పప్పు తెచ్చింది. చేనులో నీడంటూ ఉన్నది ప్యానెళ్ల కిందే కాబట్టి అక్కడే కూర్చున్నాం. "గీ అద్దంలకెల్లి కరెంటు ఎట్లొస్తది బిడ్డా? మా తిరుపతిని అడిగితె నవ్విండు" అందామె. తోచక చెప్పడం మొదలుపెట్టాను. ఈ అద్దం కింద ఉన్నవి సిలికాన్ బిళ్లలు, ఇసుకలోంచి తీసేదే. ఒక్కో బిళ్లలో రెండు పొరలు. ఒక పొరలో ఎలక్ట్రాన్లు కొన్ని ఎక్కువ, రెండో దానిలో కొన్ని తక్కువ. ఎండ పడితే ఆ దెబ్బకు ఎలక్ట్రాన్లు ఉన్న చోటు నుంచి ఊడిపడతాయి. రెండు పొరల మధ్య సరిహద్దు వాటిని ఒకవైపుకే పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. అలా ఒకే దారిన నడిచే ఎలక్ట్రాన్ల వరసే కరెంటు. ఒక్కో బిళ్ల ఇచ్చేది అర వోల్టు చిల్లర, అందుకే వందల బిళ్లలను ఒకదాని వెనక ఒకటి కలుపుతారు.

"అంటె చెర్వు పనిల మట్టి తట్టలు అందిచ్చినట్టా? ఒగలి చేతిల నుంచి ఒగలి చేతిలకు?"

"అచ్చం గట్లనే అత్తమ్మా. వరుసల ఒక్కరు మెల్లగయితె అందరు మెల్లగైతరు."

అన్నాను గానీ, నేనేమన్నానో నాకే సగం అర్థమైంది. లేవబోతూ ఆసరా కోసం ప్యానెల్ అడుగున చేయి పెట్టి చురుక్కుమని లాక్కున్నాను. పక్కన పెడితే మామూలు వేడి. మళ్లీ మొదటి చోట పెడితే కాలుతోంది. అలా మూడు చోట్ల. ఇవతలికి వచ్చి పైన చూశాను. సరిగ్గా ఆ మూడు చోట్లా మూడు పసుపు గుండ్రాలు! నీడలో పడిన బిళ్ల కరెంటు చేయకపోగా మిగతా బిళ్లలు చేసిన దాన్ని ముందుకు పోనివ్వక తానే వేడెక్కిపోతోంది. వోల్టు నిండుగా చూపించిందంటే, నేను కొలిచినప్పుడు వరస కదలడం లేదు కాబట్టి. మోటారు లాగితేనే కదా ఎక్కడ అడ్డుపడిందో తేలేది! ఈ పాఠం నేను ఏటా చెబుతాను. సిగ్గేసింది.

"ఎప్పుడు పెట్టిన్రు ఇవి?" అన్నాను.

రజిత చెప్పింది. దసరా నాడు చిన్నగా పెట్టారట. మర్నాటి నుంచి నీళ్లు సన్నగిల్లాయి. పక్క చేను వాళ్లు కళ్లు పెట్టారని, దిష్టి తగిలిందని పోశవ్వ అనుకుంది. శుక్రవారం పొద్దున పసుపును నువ్వుల నూనెలో కలిపి, ఎండకు రాలకుండా మందంగా, అరచేయంత వెడల్పున మళ్లీ దిద్దింది. పంపు ఆ రోజే పూర్తిగా ఆగింది. జబ్బుకు మందనుకుని జబ్బునే రెండింతలు చేశారన్నమాట.

"దొరికింది, తుడిచేస్తె అయిపాయె" అంటూ నా చున్నీ తీశాను. పోశవ్వ రొట్టె పక్కన పెట్టి లేచింది.

"ఏం తుడుస్తవ్? బొట్టా? నా కొడుకు దేశం గాని దేశంల ఉండంగ, నీళ్లిచ్చే తల్లికి బొట్టు తుడుస్తరా? ముట్టకు!"

నోరు జారాను. "బొట్టు ముఖ్యమా, కొడుకు ముఖ్యమా?" అనేశాను. అనకూడని మాట. ఆమె మొహం పాలిపోయింది.  రజిత చేయి దానంతటదే తన నుదుటి మీదికి పోయింది. అప్పుడు అర్థమైంది, అత్తకే కాదు, ఆమెకూ భయంగానే ఉందని. రెండూ పది. ఎండ పడమటికి జరగడం మొదలైంది. నాకు తెలిసిన సైన్సంతా ఆ ఇద్దరు ఆడవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

రజిత అత్త పక్కకు వచ్చి నిలబడింది. "అత్తా, నేను పొద్దుగాల మొకం కడుక్కుంట. బొట్టు పోతది. మళ్ల పెట్టుకుంట. ఏడేండ్ల సంది రోజు గిదే. గాయనకేమన్నయిందా?"

పోశవ్వ ప్యానెళ్ల వంక చూస్తూ నిలబడింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది. "తుడుసుడు లేదు. తానం పోస్త. నేనే పోస్త. మళ్ల బొట్టు పెడ్త, గా అద్దం పక్కల పట్టీకి. మీరిద్దరు ముట్టద్దు."

బావి నీళ్ల బిందె ఎత్తబోతుంటే ఈసారి నేను అడ్డం పడ్డాను. కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు, ఒక్కటి పగిలినా ఇవాళ్టికి అంతే. పత్తి కట్టెలతో పొయ్యి ముట్టించి నీళ్లు కాచాం. ఆ నూనె పసుపు వట్టి నీళ్లకు రాదని పోశవ్వ కుంకుడు కాయలు కొట్టి వేసింది. స్విచ్ కట్టే ఉందా అని నేను మూడుసార్లు చూసుకున్నాను. స్టూలు మీద నిలబడి ఒక్కో ప్యానెల్‌కూ నురగ పట్టించి, పసిపిల్లకు పోసినట్టు చెంబుతో పోసింది ఆ పెద్దావిడ. ప్రతిదానికీ లోలోపల ఏదో అనుకుంటూనే ఉంది. పదోది అయ్యేసరికి మూడు ముప్పై. సరిగ్గా అప్పుడే తిరుపతి ఫోన్ మోగింది.

"నీళ్లొచ్చినయా?" అన్నాడు.

వచ్చాయని అబద్ధం చెబుతుందేమోనని నేను రజిత వంక చూశాను. "ఇంకా రాలే. ఫోన్ పెట్టెయ్యకు" అంది రజిత.

"కాయిదం చేతిల వట్టుకోని నిలవడ్డ. అరగంటల ఆఫీసు మూస్తరు."

నేను స్విచ్ వేశాను. అంకెలు పెరిగాయి. మూడు, నాలుగు, ఐదు. అంతలో చేనంతా మసకబారింది. తలెత్తితే వాగు వైపు నుంచి వచ్చిన మబ్బు ఒకటి సూర్యుడికి అడ్డం వచ్చింది. అంకె మళ్లీ ఒకటికి పడిపోయింది.  ఫోన్‌లో మస్కట్ ఆఫీసు చప్పుడు వినిపిస్తోంది, ఎవరో అరబ్బీలో తొందరపెడుతున్నారు. దేవుడిని పెద్దగా నమ్మని నేను ఆ పది నిమిషాలు ఎందరికి మొక్కానో చెప్పను.

మూడు నలభై ఎనిమిదికి మబ్బు అంచు దాటింది. ఎండ ముందు పక్క చేను మీద, తర్వాత మా మీద పడింది. అంకె ఐదు దాటి ఆరుకు పోయింది. బోరులో మోటారు గుర్రుమంది. పైపు గాలి కక్కింది, ఎర్ర నీళ్లు ఉమ్మింది, ఆ తర్వాత తెల్లటి నీళ్లు దబదబా దూకాయి. రజిత కాలువలో కూర్చుని గట్టిగా ఏడ్చేసింది. ఏడుపు విని తిరుపతి "ఏమైందే, ఏమైంది?" అని అరుస్తున్నాడు. పోశవ్వ తడి చేత్తోనే ఫోన్ తీసుకుంది.

"కొడకా, బొట్టు నేనే కడిగిన, గీ చేతుల్తోటి. నీళ్లొచ్చినయ్. గని నీకేమైతదో అని పానం కొట్టుకుంటుంది. నువ్వొచ్చి నా కండ్ల ముంగట నిలవడేదాక నేను బువ్వ తిన. గా కాయిదం చింపెయ్."

 అవతల కాగితం చిరిగిన చప్పుడు మాకందరికీ స్పష్టంగా వినిపించింది.

తిరుగు బస్సులో నా మీద నాకే కోపం వచ్చింది. పెట్టించుకోండని పోరినదాన్ని, ఎలా చూసుకోవాలో ఒక్క మాట చెప్పలేదు. వాళ్లు మూర్ఖులేం కాదు. అన్నం పెట్టే నాగలికీ కొడవలికీ పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టారు, దాన్ని ఇంటిదిగా అనుకున్నారు కాబట్టి పెట్టారు. అరచేయంత నీడ ఒక మనిషిని ఇంకో రెండేళ్లు సముద్రం అవతల ఉంచగలదని నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. మిరపకు రేటు వస్తుందో రాదో, తిరుపతి వచ్చాక కష్టాలు ఉంటాయో లేవో నాకు తెలియదు. పోశవ్వ మాత్రం ఆ రాత్రి నుంచి అటుకులే తింటోందని రజిత ఫోన్‌లో చెప్పింది, విమానం దిగేదాకా ఇంకో పదకొండు రోజులట.

మీకూ సోలార్ పలకలు ఉంటే ఒక్క మాట. నెలకోసారి తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు, స్విచ్ కట్టేసి మెత్తటి గుడ్డతో కడగండి, మాలాగా నడి ఎండలో సాహసం చేయకండి. పండుగకు బొట్టు పెట్టాలనిపిస్తే అద్దం చుట్టూ ఉన్న పట్టీకి పెట్టండి, అక్కడ ఎంత పెద్దది పెట్టినా ఎండకు అడ్డం రాదు.