కృత్తివెన్ను చెరువుకు కామెర్లు

బందరులో నేను పనిచేసిన లోకల్ ఛానెల్‌లో నా బల్ల మీద ఒక చిన్న తెర ఉండేది. అందులో బొమ్మలు కనిపించవు. ఒక గుండ్రటి గీత, దాని మధ్య మెరిసే మరక, అంతే. దాన్ని వెక్టర్‌స్కోప్ అంటారు. ప్రసారమయ్యే బొమ్మలో ఏ రంగు ఎంత ఉందో ఆ మరక సాగిన దిక్కును బట్టి తెలుస్తుంది. ఎరుపుకి ఒక దిక్కు, ఆకుపచ్చకి ఒక దిక్కు. ఎరుపుకీ పసుపుకీ మధ్య మనిషి చర్మానికని ప్రత్యేకంగా ఒక గీత గీసి ఉంటుంది. మనిషి నలుపైనా తెలుపైనా మొహం ఆ గీత దగ్గరే పడుతుంది, అందరి చర్మం కిందా పారేది ఒకే రక్తం కాబట్టి. మా యజమాని దృష్టిలో మాత్రం అది కరెంటు తినే దండగ సామాను.

ఆయనది దివిసీమ. "కోనసీమ వాళ్ళ వీడియోలు చూడమ్మా, ఎంత పచ్చగా ఉంటాయో. మనకేం తక్కువ?" అనేవారు. తక్కువేం లేదు, నిజమే. మరి ఉన్నది ఉన్నట్టు చూపిస్తే సరిపోయేది కదా. అలా కాదు, రంగులు సరిచేసే ప్యానెల్ మీద ఆకుపచ్చ మీటను బాగా తిప్పించి, ఇక అక్కణ్ణుంచి కదపకూడదని గుర్తుగా ఒక స్టిక్కర్ బొట్టు అంటించారు. గుడివాడ బస్టాండు చూపించినా, పెడన అద్దకం చీరలు చూపించినా మీట ఆ బొట్టు దగ్గరే ఉండాలి. చీరల ఎరుపు చెడిపోతోందని నేను చెప్తే, "నీ మిషన్ పెట్టుకుని ఎవరమ్మా టీవీ చూసేది? కళ్ళతో చూస్తారు" అన్నారు. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. మేం ఆ జబ్బుని లోకానికి అంటించేవాళ్ళం, అందుకు నాకు జీతం కూడా ఇచ్చేవారు.

వారానికోసారి రొయ్యల రైతుల కోసం లైవ్ కార్యక్రమం ఉండేది. మా కెమెరా వాళ్ళు ముందే వెళ్ళి చెరువుని వీడియో తీసుకొస్తారు. స్టూడియోలో కూర్చున్న కన్సల్టెంటు ఆ దృశ్యం టీవీలో చూసి, ఫోన్లో రైతుతో మాట్లాడి సలహా చెప్తారు. ఆ వారం కృత్తివెన్ను వైపు రైతు ఒకాయన. చెరువులో రొయ్యలు మేత ముట్టడం లేదు. ఆయన గట్టు మీద నిలబడి ఉండగా, వెనకాల నీళ్ళు కనపడేలా తీసిన ముక్కని ప్రోమోగా పదేపదే వేశారు.

లైవ్ మొదలైంది. కన్సల్టెంటు ఎదురుగా ఉన్న టీవీ వైపు చూసి, "నాచు విపరీతంగా పెరిగిపోయిందండీ. సగం నీళ్ళు వదిలేసి కాలవ నీళ్ళు పెట్టుకోండి" అన్నారు.

"సరేనండి, తూము తీయిస్తాను," అన్నాడు రైతు ఫోన్లో. "నా ఒంట్లో కూడా బాగోలేదండి, కామెర్లు. మీ టీవీలో నన్ను చూసి చుట్టాలందరూ ఫోన్లు చేశారండి. మా ఆవిడ పసరు పోయించి ఉప్పు మాన్పించేసింది. రక్త పరీక్షలో ఏం లేదన్నారు గానీ, టీవీలో అంత బాగా కనపడుతుంటే ఎలా కాదంటామండి?"

స్టూడియోలో అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా తెర మీద ఆయన మొహం చర్మం గీతని వదిలేసి ఆకుపచ్చ వైపు ఎక్కడికో పోయింది. ఆ మొహం, ఆ నీళ్ళు ఒకే బొమ్మలో ఉన్నాయి. మొహానికి కామెర్లు తెచ్చింది మా మీటే అయితే చెరువుకి నాచు తెచ్చిందీ అదే. పైగా ఆ రోజుల్లో బయట కాలవ నీళ్ళలో రొయ్యల్ని చంపే తెల్లమచ్చ తెగులు తిరుగుతోంది. ఆ నీళ్ళు లోపలికి వస్తే ఆయన పంట మొత్తం పోతుంది.

పక్కనే ఉన్న డైరెక్టర్‌కి చెప్పాను. "ప్రోగ్రాం అవ్వనివ్వండి మేడమ్, తర్వాత చూద్దాం" అన్నాడు.

"తర్వాత ఏం చూస్తాం, చచ్చిన రొయ్యల్నా?" అని మీటని నేనే వెనక్కి తిప్పేశాను. ఆ విసురుకి బొట్టు ఊడి నా వేలికి అంటుకుంది.

తెర మీద నీళ్ళు టీ రంగుకి వచ్చాయి. రైతు మొహం మనిషి మొహంలా అయింది. కన్సల్టెంటు ముందుకి వంగారు. "ఆగండాగండి. ఇదేనా మీ చెరువు? ఈ నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి కదండీ. ముసురుకి రొయ్య మందగించింది, అంతే. తూము జోలికి పోకండి. మేత తగ్గించి, నీళ్ళకి గాలి తగిలేలా ఏరేటర్లు తిప్పండి."

ఆ తర్వాత యజమాని నన్ను పిలిచారు. ఆ రైతు సంగతి ఒక్క ముక్క అడగలేదు. "బందరంతా చూస్తుండగా మన ఛానెల్ వెలిసిపోయిందమ్మా. పరువు తీశావు" అన్నారు. ఆయన పంట పోయేది సార్ అంటే, "ఆయన చెరువు గొడవ ఆయనది" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ టీవీ పెట్టాను. అదే కార్యక్రమం మళ్ళీ వేస్తున్నారు. రంగు మారిన దగ్గర్నుంచి చివరిదాకా కోసేశారు. రైతు మొహం మళ్ళీ పచ్చగా ఉంది, నీళ్ళు మళ్ళీ పచ్చగా ఉన్నాయి. సగం నీళ్ళు వదిలేయమన్న సలహా చెప్పించి, పాత కార్యక్రమంలోని నమస్కారం అతికించి ముగించారు. సిగ్గులేని పని. గ్లాసు పక్కన పడేసి ఆ రైతు నంబరుకి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఛానెల్ నుంచి అని చెప్పి, ఆయన ఎక్కడని అడిగాను.

"తూము దగ్గరికి వెళ్ళారండి," అంది. "నిన్న వద్దన్నారు గానీ, ఇందాక మళ్ళీ తీయమన్నారు కదండీ. ఆయన మొహం కూడా మళ్ళీ పచ్చబడిందండి. ఉప్పు ఆపేశాను."

ఎవర్ని తిట్టాలో తెలియలేదు. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి మొహం కంటే మా ఛానెల్ చూపించిన మొహమే ఆవిడకి నిజమైంది.

"అమ్మా, ముందు ఆ టీవీ ఆపేయండి. ఫోను పట్టుకుని గట్టు మీదికి వెళ్ళి, ఆయన మొహం వెలుతురులో చూసి, ఏ రంగులో ఉందో నాకు చెప్పండి."

ఆవిడ ఆయాసం, దగ్గరవుతున్న ఏరేటర్ల చప్పుడు వినపడ్డాయి. "ఒకసారి ఇటు తిరగండి," అని ఆయన్ని పిలవడం వినపడింది.

"మామూలుగానే ఉన్నారండి," అంది నాతో.

"అయితే చెరువు కూడా మామూలుగానే ఉంది. తూము మూసేయమనండి."

ఆవిడ గట్టు మీది నుంచి కేకేసింది. "ఏవండోయ్, తూము మూసేయండి. మీకు కామెర్లు లేవంట."