గట్టుకు ఇవతలి వైపు

వరదొస్తే మా ఊళ్లో అందరూ గోదారినే చూస్తారు. ఏటిగట్టెక్కి, ఎర్రగా సుళ్లు తిరిగే నీళ్ల ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. జ్ఞానప్రకాశం గారొక్కరే ఏటికి వీపు పెట్టి నడిచేవారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన గట్టు కాపలా లస్కరు.

"ఏంటండీ, గోదారితో మాటల్లేవా మీకు?" అని ఏడిపించేవాణ్ణి. నేను గట్టు కింది బడిలో మాస్టర్ని. పిల్లలకు ఏకాగ్రత మీద వారానికోసారి ఉపన్యాసం దంచుతుంటాను.

"ఏటిని మీరందరూ చూస్తున్నారు కదండీ మాస్టారూ. గట్టు తెగడం ఇటు పక్కే మొదలవుద్ది," అనేవారు.

కర్రతో గడ్డి పక్కకు తీసి, ఎలుక బొరియలూ చెమ్మా వెతుక్కుంటూ సాగేవారు. ఫోను భార్య సంపూర్ణమ్మ గారి దగ్గర వదిలేసేవారు. దారిలో పలకరిస్తే పలికేవారు కాదు. పొగరనుకున్నారు కొందరు. నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను.

ఈ ఏడు పైనుంచి కొత్త యాప్ వచ్చింది. వరద రోజుల్లో గంటకోసారి గేజీ రాయి దగ్గర నీటిమట్టం ఫొటో తీసి పంపాలట. ఆ రాయి గట్టు కింది కాలనీకి కిలోమీటరు దూరం. ఎవడి బుర్రలో పుట్టిందో గాని, కిందికి చూసే మనిషిని పట్టుకెళ్లి ఏటి వైపు తిప్పారు.

ఆగస్టులో, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన మధ్యాహ్నం, కాలనీలో రత్తమ్మ ఇంటి వెనక గట్టు అడుగున నీళ్లు ఊరడం మొదలైంది. జ్ఞానప్రకాశం గారు కదలకుండా అక్కడే కూర్చున్నారు.

"తేటగా వస్తే పర్లేదండి," అన్నారు ఊట మీంచి చూపు తిప్పకుండా. "రంగు మారిందంటే లోపల మట్టి కోసుకుపోతున్నట్టు. మారిన పది నిమిషాల్లోపైతే చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి ఆపొచ్చు. అది దాటితే బస్తాల జోలికి పోకూడదు. జనాన్ని మీ బడి మేడ మీదికి ఎక్కించేయడమే."

కాలనీలో నూట నలభై ఇళ్లు.

ఇంతలో సంపూర్ణమ్మ గారు ఫోను పట్టుకుని పరుగున వచ్చారు. అవతల సూపర్‌వైజరు గొంతు నాకూ వినిపించింది. మూడు ఫొటోలు రాలేదు, నాలుగోది కూడా రాకపోతే రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదు అంటున్నాడు.

"మీరు వెళ్లి తీసి రండి. నేను చూస్తుంటాను," అన్నాను.

ఆయన మెడలోంచి ఈల తీశారు. "కళ్లు తిప్పకండి మాస్టారూ. మారగానే ఈల వేయండి," అని దాన్ని నా చేతిలో పెట్టి, ఫోను తీసుకుని వెళ్లారు.

చూశాను. ఒట్టు, మొదట్లో బాగానే చూశాను. నీళ్లు తేటగా, ఒకేలా వస్తున్నాయి. జేబులో ఫోను మోగింది. బడి గ్రూపులో రేపు సెలవా కాదా అని రగడ. ఒక జవాబు పెట్టాను. ఎవరో ధవళేశ్వరం బ్యారేజీ వీడియో పంపారు. అది చూశాను. దాని కింద ఇంకోటి ఉంది.

తలెత్తేసరికి ఊట టీ రంగులో పొంగుతోంది. ఈల నోట్లో పెట్టుకున్నాను గాని, అప్పటికే జ్ఞానప్రకాశం గారు గట్టు దిగి వస్తున్నారు.

వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని చూశారు. ముఖం మాడిపోయింది. తిట్టలేదు.

"ఎంతసేపైందండి?"

ఫోనులో చివరి జవాబు పెట్టిన టైము కనిపిస్తూనే ఉంది. పద్దెనిమిది నిమిషాలైంది. ఆ పద్దెనిమిదిలో నీళ్లు ఎప్పుడు మారాయో నాకు తెలియదు. తెలియదని చెప్పాలి. ఆయన వెనకే పోగైన సంపూర్ణమ్మ గారు, రత్తమ్మ, కాలనీ కుర్రాళ్లు, అందరూ నన్నే చూస్తున్నారు.

"ఇప్పుడేనండి," అన్నాను.

ఆయన నమ్మారు. "ఐతే టైముంది! ఎవరూ ఇళ్లు వదలక్కర్లేదు, బస్తాలు అందించండి!" అని కేకేసి, మొదటి బస్తా భుజానికెత్తుకుని ఊటలోకి దిగారు.