మూడువందల పన్నెండు మాటలు

మా బిల్డింగులో లిఫ్టు చూసే మెకానిక్కు మాటల్లో మహా పొదుపరి. నాలుగు అడిగితే ఒకదానికి జవాబు చెబుతాడు, అదీ లిఫ్టు గురించే. అతని వాటా మాటలు కూడా వాళ్ల అక్కకే వచ్చినట్టున్నాయి. నీళ్ల ఆఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్లు కూర్చుని, గాజుపలక అవతలి జనాన్ని ఒట్టి నోటితో అదుపులో పెట్టిన మనిషి ఆమె.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ అని తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. పది రోజులు గడువుంది. తమ్ముడు ఆమె ముందు ఫోను పెట్టాడు.

"అక్కా, నీకు రోజూ కావాల్సిన మాటలన్నీ ఇందులో చెప్పేయ్. మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె మూడువందల పన్నెండు చెప్పింది. "తిన్నావా?" "ఫ్యాను తగ్గించు." "ఆ మాట నేనెప్పుడన్నాను?" వాటి మధ్య అలవాటుకొద్దీ, "మా చేతుల్లో ఏమీ లేదండీ, పైనుంచి రూలు" కూడా.

"ఇదెవరితో అంటావు?" అన్నాడు తమ్ముడు.

"ఉండనీరా. ఎప్పుడేం అవసరం వస్తుందో."

అతను మధ్యాహ్నాలు లిఫ్టు మోటారు పక్కన కూర్చుని, వీడియోలు చూసి నేర్చుకుని, ఆ మాటలకు ఒక యాప్ తయారుచేశాడు. మాటకొక బొమ్మ. నొక్కితే అక్క గొంతు. ఆపరేషనయ్యాక ఆమె పక్కింటావిడతో పోట్లాడింది కూడా దాంతోనే. గెలిచింది కూడా.

ఏడాది తిరిగేసరికి ఫోను కంపెనీ కొత్త నిబంధన పెట్టింది. తమ దగ్గర నమోదు కానివాళ్లు చేసిన యాప్‌లు ఇక నడవవు. నమోదు కోసం మెకానిక్కు తన గుర్తింపు కార్డు పంపాడు. వివరాలు సరిపోలేదన్నారు, ఏ వివరమో చెప్పలేదు. మళ్లీ పంపాడు. మీ యాప్ మరీ కొద్దిమందికే పనికొస్తుంది, కుదరదన్నారు. కొద్దిమందేమిటి, ఒక్కరికే. ఫోను అక్కది, గొంతు అక్కది, శ్రమ తమ్ముడిది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. అతను చూపించిన ఆ జవాబులు చదివి నాకు ఒళ్లు మండింది. అతను మాత్రం "అప్‌డేట్ అని వస్తే నొక్కకు" అని అక్కకు చెప్పి ఊరుకున్నాడు.

చెప్పిందెవరికి? నోటీసు చదివి పాటించండని ముప్పై ఏళ్లు జనానికి చెప్పిన మనిషికి. తెర మీద నోటీసు వచ్చింది. ఆమె కళ్లజోడు పెట్టుకుని, చివరిదాకా చదివి, 'అంగీకరిస్తున్నాను' నొక్కింది. ఫోను ఆరి వెలిగాక యాప్ తెరవబోతే ఒకటే వాక్యం కనిపించింది. మీ భద్రత కోసం ఈ యాప్‌ను నిలిపివేశాం.

ఇద్దరూ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లారు. మెకానిక్కు జేబులోంచి ఒక తాళంచెవి తీసి కౌంటరు మీద పెట్టాడు.

"లిఫ్టు ఎంత పాతదైనా, లోపల మనిషి ఇరుక్కుంటే బయటినుంచి తలుపు తీయడానికి ఇలాంటిది ఒకటుంటుందమ్మా. మరి ఈ ఫోనుకేది?"

"మా చేతుల్లో ఏమీ లేదు సార్, పైనుంచి రూలు," అంది కౌంటర్లో ఉన్న అమ్మాయి.

అక్క సంచిలోంచి పాత ఫోను తీసింది. యాప్‌ను తమ్ముడు మొదట పరీక్షించింది దాంట్లోనే. దానికి అప్‌డేట్లు ఎన్నడో ఆగిపోయాయి కాబట్టి యాప్ ఇంకా నడుస్తోంది, కానీ బ్యాటరీ పావుగంట నిలవదు. ఆమె ఒక బొమ్మ నొక్కింది.

"మా చేతుల్లో ఏమీ లేదండీ, పైనుంచి రూలు," అంది ఆమె పాత గొంతు, నిక్కచ్చిగా.

వెక్కిరింత అనుకుని అమ్మాయి మొహం ముడుచుకుంది. కానీ అక్క కళ్లలో నీళ్లున్నాయి. కాగితం మీద రాసి తమ్ముడికి చూపింది: "ముప్పై ఏళ్లు అన్నాను. ఇటువైపు నిలబడి ఎప్పుడూ వినలేదు."

ఇంటికి రాగానే ఆ బొమ్మ తీసేయించింది. మిగిలిన మూడువందల పదకొండూ పాత ఫోనులో ఉన్నాయి. వారానికే దాని బ్యాటరీ పూర్తిగా పోయింది. ఇప్పుడది గోడకున్న ప్లగ్గులో ఉంటేనే వెలుగుతుంది.

మెకానిక్కు పనినుంచి రాగానే ఆ గోడ పక్కన కుర్చీ వేసుకుంటాడు. "తిన్నావా?" అంటుంది అక్క. తిన్నానంటాడు. అక్కడున్నంతసేపూ ఆమె మాట్లాడుతుంది. గుమ్మం దాటితే ఆమెకు గొంతు లేదు.